పాత మోటారు కారునకు జీర్ణోద్ధారణము

ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలో తెలుఁగు బోధించి విశ్రాంతి గైకొన్న యుపాధ్యాయుఁడు మోటారు కారును గూర్చి ప్రసంగింపనేల యని మీకు సందేహము కలుగవచ్చును. నేను కారు నడుపుట యెఱుఁగను. అయినను శిథిలమైన యొక కారును ఇంటిలోనే విప్పి, బాగుచేసి, రంగువేసి, మఱల త్రోవ కెక్కించిన పనిని రెండు వేసవులు ప్రక్కనుండి చూచితిని. కొంత నా చేతులతోడను చేసితిని. చూడఁగాఁ జూడఁగా నది నాకుఁ జిరపరిచితమైన విద్యవలెనే తోఁచినది. తాటియాకుల గ్రంథమును పరిష్కరించు పండితుఁడు ఏ ప్రశ్నలకు ఉత్తరము చెప్పుకొనవలెనో, పాత కారును బాగుచేయువాఁడును ఆ ప్రశ్నలకే చెప్పుకొనవలెను. మూలమును ఎంతవఱకు నిలుపవలెను? చెడినదానిని ఎంతవఱకు మార్చవలెను? నడుమ గీటు ఎక్కడ గీయవలెను? నేఁటి ప్రసంగమునకు విషయ మిదియే.

ముందుగా కారు సంగతి. నా రెండవ కుమారుఁడు ఇంగ్లండు దేశమున, ఆక్సుఫర్డు నగరమునకు దక్షిణముగా నున్న యొక గ్రామమున కాపురమున్నాఁడు. దానికి సమీపముననే థేమ్సునది యొడ్డున ఆబింగ్డన్ అను పట్టణము కలదు. 'ఎం.జి.' అను పేరుగల చిన్న పందెపు కార్లు తయారైన చోటు అదియే. ఎం.జి. యనఁగా 'మారిస్ గరాజెస్' అనుటకుఁ బొడియక్షరములు. ఆక్సుఫర్డులో విలియం మారిస్ స్థాపించిన యా సంస్థకు మేనేజరైన సిసిల్ కింబర్ అను నాతఁడు, 1920 తరువాతి సంవత్సరములలో, సామాన్యపు మారిస్ బండ్ల యంత్రభాగములకే తేలికయైన సొగసైన దేహములను తొడిగించి, వేగముగాఁ బోవు కార్లను చేయించెను. 1929లో ఆ పని ఆబింగ్డన్‌కు మాఱినది. 1980లో ఆ కార్ఖానా మూఁతపడినది.

నేను చెప్పఁబోవు కారు 'ఎం.జి.బి.' అను రకము. 1962 మొదలు 1980 వఱకు అయిదు లక్షలకుఁ బైగా తయారైనవి. రెండు సీట్లు, మడిచి తీయఁదగిన గుడ్డకప్పు, 1798 ఘనసెంటీమీటర్ల యింజిను. ఈ యింజినునకును మనకును ఒక చుట్టఱికము కలదు. మన యంబాసిడరు కారులో చిరకాలము పనిచేసిన 1489 ఘనసెంటీమీటర్ల యింజినును, ఇదియు ఒకే వంశమున పుట్టినవి. ఆ వంశమునకు 'బి-సిరీస్' అని పేరు. అంబాసిడరు ఆకృతియు ఆక్సుఫర్డు ప్రక్కనే యున్న కౌలీలో తయారైన మారిస్ ఆక్సుఫర్డు నుండి వచ్చినదే. 2014లో దాని తయారు నిలిచిపోవువఱకు మన యూళ్ల పెండ్లివారిని, ప్లీడర్లను, కలెక్టర్లను మోసిన బండికి ఈ పందెపు కారు పినతండ్రి బిడ్డ యన్నమాట.

మావాఁడు దీనిని తన గ్రామములోనే యున్న యొక వృద్ధురాలి యొద్ద కొనెను. ఆమె భర్త 1965లో క్రొత్తగాఁ గొన్న బండి. ఆయన గతించిన పిమ్మట పండ్రెండేండ్లు షెడ్డులో కదలక నిలిచినది. తెచ్చిననాఁడు పైకి ఎఱ్ఱగా, ముచ్చటగానే యున్నది. అక్కడక్కడ రంగుక్రింద గోరంత పొక్కులు మాత్రము కనఁబడినవి. నేను ఆ పొక్కులను చిన్న దోషము లనుకొంటిని. మావాఁడు తల యాడించి, జేబులోనుండి యొక అయస్కాంతమును దీసి, కారు చుట్టును ఆనించుచుఁ బోయెను. ఉక్కు రేకున్నచోట అది అంటుకొనెను. తలుపుల క్రిందను, ముందు చక్రముల వెనుకను జాఱిపడెను. అచ్చట రేకు లేదు; పుట్టీయే యున్నది. ముందున్న బానెట్టుమీఁదను అంటుకొనలేదు గాని, దానికి హేతువు వేఱు: ఆ కాలపు ఎం.జి.బి. బానెట్టు అల్యూమినియముతోఁ జేసినది. లక్షణము ఒక్కటే, కారణములు రెండు. వైద్యుఁడైనను వ్యాఖ్యాతయైనను తొందరపడరాదనుటకు ఇది యొక నిదర్శనము.

తుప్పు ఏల యింత ప్రమాదకరమో చెప్పవలెను. పూర్వపు కార్లకు అడుగున ఇనుప చట్ర ముండెడిది. దానిపై దేహమును వేఱుగా నిలిపెడివారు. ఎద్దుబండికి ఇరుసును, పోలుగఱ్ఱయు, పైని గూడును వేఱువేఱుగా నున్నట్లే. గూడు చెడినను బండి నడచును. ఎం.జి.బి. అట్టిది కాదు. పలుచని ఉక్కు రేకులను మడిచి, ఒకదానితో నొకటి అతికి, పెట్టెవలెఁ గట్టిన దేహమే దీనికి చట్రము. పైకప్పు రేకు లేని బండి యగుటచే, ముందు భాగమును వెనుక భాగమును కలిపిపట్టు బలములో మిక్కిలి పాలు తలుపుల క్రింద ఇరుప్రక్కల సాగిన రెండు గుల్ల దూలములలో నున్నది. వానిని అక్కడివారు 'సిల్' అందురు. మనము గడప యనవచ్చును. గడప పుచ్చినను ఇల్లు నిలుచును. గడప పుచ్చిన యీ కారునకు నడుము వంగును. అట్టి బండిలో వేగముగాఁ బోవుట ప్రాణాపాయము.

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు, ఈ మూఁడును కలిసినచోటఁ దుప్పు పుట్టును. ఉప్పు తోడైనచో మఱింత వేగముగా సాగును. ఆ దేశమునఁ జలికాలమున రోడ్లపై మంచు గడ్డకట్టకుండ ఉప్పు చల్లుదురు. చక్రములు ఆ యుప్పునీటిని గడపల గుల్లలోనికిఁ జిమ్మును. నీరు పోవుటకై యుంచిన కంతలు బురదతోఁ బూడుకొన్నచో ఆ నీరు లోపలనే నిలుచును. తుప్పు తాను తిన్న యినుముకంటె హెచ్చు చోటు నాక్రమించును. కావున రెండు రేకుల నడుమఁ బుట్టిన తుప్పు మేకువలె వానిని చీల్చుచుఁ బోవును. పైనున్నవానికి పొక్కు మాత్రమే కనఁబడును; లోపల రేకు జల్లెడయై యుండును.

మొదటి వేసవి యంతయు విప్పుటతోనే సరిపోయినది. విప్పుటయే యొక శాస్త్రము. ప్రతి భాగమును విప్పుటకు ముందు ఫోటో తీయవలెను. ప్రతి మరను, ప్రతి నట్టును వేఱువేఱు సంచులలోఁ బెట్టి చీటీ కట్టవలెను. ఆ చీటీలు వ్రాయు పని నాకు దొరకినది. తాటియాకుల కట్ట త్రాడు విప్పినప్పుడు ఆకుల సంఖ్య చూచుకొనక విప్పినవాని గతి యేమగునో నాకుఁ దెలియును గనుక, ఆ పనిని శ్రద్ధతోనే చేసితిని. అతుకు పనికిఁ బూర్వము పెట్రోలు తొట్టిని విప్పి దూరముగా నుంచిరి. సీట్ల వెనుక నేలక్రింద ఆఱేసి వోల్టుల బ్యాటరీలు రెండు గలవు; వానిని తీసివేసిరి. ఆ బ్యాటరీల పెట్టెలు అడుగు లేకుండ పుచ్చియున్నవి.

అప్పుడు అసలు చిక్కు వచ్చినది. 'బ్రిటిష్ మోటార్ హెరిటేజ్' అను సంస్థ 1988లో ఎం.జి.బి. దేహమును సాంతముగాఁ గ్రొత్తగాఁ జేసి యమ్మ నారంభించెను. అందులకు పాత కార్ఖానాలో వాడిన అచ్చులనే చాలవఱకు సేకరించి వాడిరి. మావాఁడు నాతో నిట్లనెను: "నాన్నగారూ, ఇరువది చోట్ల అతుకులు వేయుటకంటె క్రొత్త దేహమును తెచ్చి, ఇంజినును చక్రములను అందులోనికి మార్చుట తేలిక. దృఢముగాను ఉండును. ఇందులోఁ దప్పేమున్నది?"

"తప్పు లేదు నాయనా," అంటిని. "తాళపత్రము చీకిపోయినచోఁ గ్రొత్త ప్రతి వ్రాసికొందుము. అది శుద్ధముగానే యుండును. కాని దానిని పాత ప్రతి యనము. నీకుఁ గావలసినది ఎం.జి.బి. కారా, ఆ పెద్దమనిషి నలువదేండ్లకుఁ బైగా నడిపిన యీ కారా? ముందది తేల్చుకొనుము."

మావాఁ డాలోచించి, ఒక సుద్దముక్కను దీసి కారంతయు పరీక్షించెను. సుత్తితోఁ దట్టినప్పుడు ఖంగున మ్రోఁగిన రేకుపై అడ్డగీటు, బొదబొదలాడిన రేకుపై సున్న. సాయంకాలమునకు లెక్క తేలినది. నేల, తలుపులు, వెనుక రెక్కలు, ముందు గోడ గట్టిగా నున్నవి. చెడినవి రెండు గడపలు, బ్యాటరీ పెట్టెలు, ముందు రెక్కల క్రింది కొనలు. మొత్తమున నాలుగవ వంతునకు మించదు. మూఁడు వంతులు ప్రాణముతో నున్నదానిని పారవేయుట న్యాయము కాదని వాఁడే నిర్ణయించెను. పుచ్చినది మూఁడు వంతులైయున్నచోఁ గ్రొత్త దేహమే యుక్తమని నేనును ఒప్పుకొని యుందును. ఇందు ఆవేశము పనికిరాదు, లెక్క కావలెను.

గడపలను మార్చుటలో నొక రహస్యము కలదు. కోసినవెంటనే బలము పోయి కారు నడుమ క్రుంగును. క్రుంగినదానికిఁ గ్రొత్త గడప నతికినచో ఆ వంకర శాశ్వతమగును; తలుపు మఱి మూయఁబడదు. కావున ముందుగా తలుపు సందులకు అడ్డముగా ఇనుప కమ్ములను అతికి బిగింపవలెను. రెండు ప్రక్కలను ఒక్కసారి కోయరాదు. ఒకప్రక్క పూర్తియైన పిమ్మటనే రెండవది. నడుమనడుమఁ దలుపును తగిలించి, దాని చుట్టునున్న సందు పైనుండి క్రిందివఱకు సమానముగా నున్నదా యని చూచుకొనవలెను. బయటి రేకు, దాని లోపలి నిలువు పలక, అడుగున కోటగోడ పండ్లవంటి మడతలుగల 'కాసిల్ రెయిల్' అను కమ్మి, ఇన్ని పొరలు కలవు. బయటి రేకును మాత్రము మార్చి లోపలి పుచ్చును మూసివేయువారు కలరు. కొనువానికిఁ గనఁబడదు గదా యని వారి ధైర్యము. ఆ మోసము అయిదాఱేండ్లలో మఱల పొక్కులై బయటఁబడును.

ఇఁక వర్ణవిచారము. ఒకచోట ఉప్పుకాగితముతో మెల్లగా రుద్దఁగా రంగుపొరలు చెట్టుబోదెలోని వలయములవలెఁ గనఁబడినవి. పైన ఎఱుపు, దానిక్రింద తెలుపు, దానిక్రింద బూడిదవన్నె, అన్నిటికి నడుగున లేఁత నీలము. డ్యాష్‌బోర్డు వెనుకను, తివాసిక్రిందను ఆ నీలమే మచ్చలేక నిలిచియున్నది. వార్విక్‌షైర్‌లోని గేడన్ అనుచోట బ్రిటిష్ మోటారు మ్యూజియము కలదు. ఆబింగ్డన్ కార్ఖానా దినచర్య పుస్తకములు అచ్చట భద్రముగా నున్నవి. చాసిస్ సంఖ్య పంపినచో, ఆ బండి యే దినమున తయారైనదియు, ఏ రంగుతో బయలుదేఱినదియు వ్రాసి ధ్రువపత్రము నిత్తురు. ఉత్తరువు వచ్చినది: 'ఐరిస్ బ్లూ'. ఐరిస్ యన నొక నీలిపువ్వు.

మూలము నీలమని నిర్ధారణ యైనది. కాని యిచ్చట నా పాండిత్యమునకు ఒక పరీక్ష వచ్చినది. ఎఱుపు ఎవఁడో దారినపోవు వ్రాయసకాఁడు చేర్చిన ప్రక్షిప్తము కాదు. యజమానియే తన చేతితో ఆ రంగు వేసినాఁడు. కార్ఖానా పుస్తకము ఒక ప్రమాణము; దానితో బ్రదికిన మనుష్యుని యిచ్ఛ మఱియొక ప్రమాణము. నా మనుమరాలికి ఎఱుపే యిష్టము. "తాతగారూ, పందెపు కారు ఎఱ్ఱగా ఉండాలి!" అని దాని పట్టు. కడకు మావాఁడు ఆ వృద్ధురాలినే యడిగెను. తన భర్తకు తొలుత ఆ నీలమే ప్రియమనియు, రెక్కకు దెబ్బ తగిలినప్పుడు అట్టి నీలము దొరకక తెలుపును, కొంతకాలమునకు ఎఱుపును వేసెననియు ఆమె చెప్పెను. ఏ రంగు వేసినను తన కభ్యంతరము లేదనెను. కాని యొక కోరిక కోరెను. ఎడమ తలుపు లోపలి పలకపై వారి కుక్క గోళ్లతో గీచిన గీఁతలు గలవు. అవి తీసివేయకుండిన సంతోషింతు ననెను.

మావాఁడు అప్పటికే క్రొత్త పలకలను తెప్పించియుండెను. వానిని తిప్పి పంపివేసెను. పాత పలకలను సబ్బునీటితోఁ దుడిచి మఱల బిగించెను. బయట నీలము వేయుటకు నిశ్చయించి, డిక్కీ మూఁత లోపల నఱచేతి వెడల్పున ఎఱుపును తెలుపును నీలమును మూఁడును కనఁబడునట్లు రుద్ది, ఆ తావును రంగుపడకుండఁ గాగితము నంటించి కాపాడెను. పూర్వము కడపలో బ్రౌనుదొర పండితులచేత ఎన్నో ప్రతులను సరిచూపించెను. శుద్ధపాఠమును పైన నిలిపి, పాఠాంతరములను క్రింద చూపుట అట్టి పనిలో మర్యాద. మావాని డిక్కీ మూఁతలో నున్నది పాఠాంతర సూచికయే.

ఇప్పుడు రంగు వేయు విధానము. మా యింట రంగు చిమ్మినది రెండు మధ్యాహ్నములు మాత్రమే. రేకును దానికి సిద్ధపఱచుట కైనది పదునొకండు వారములు. ఈ నిష్పత్తియే యీ విద్యకు సారము. పాత రంగును కరగించు మందుతోఁ దీసివేసిన యుక్కు రేకును ఆ దినమే ప్రైమరుతోఁ గప్పవలెను. తడిగాలికి రేకు కొద్ది గంటలలోనే తుప్పు పట్టుట కారంభించును. చేతి చెమట తగిలినను వ్రేలిముద్రలు తుప్పై లేచును. అల్యూమినియము బానెట్టునకు సామాన్యపు ప్రైమరు సరిగాఁ బట్టదు. దానికి లోహమును సన్నగాఁ గొఱుకు ఆమ్లముగల ప్రైమరు ముందు వేయవలెను. సొట్టలను వెనుకనుండి ఇనుపదిమ్మె నానించి సుత్తితో సరిచేయవలెను. పుట్టీ మిగిలిన చిన్న పల్లమునకే గాని చిల్లునకుఁ గాదు. పాతకాలపు పనివారు సీసమును తగరమును కలిపి కరగించి ఆ పల్లములు పూడ్చెడివారు. అట్టిది కనఁబడినచో దానిని ఆకురాయితో మెల్లగా రాయవలెనే గాని యంత్రముతోఁ గాదు. ఆ ధూళి విషము.

తరువాత ప్రైమరుపై నల్లరంగును మంచువలె పలుచగాఁ జిమ్మి, చెక్కదిమ్మెకుఁ జుట్టిన ఉప్పుకాగితముతో నీరు పోయుచు రుద్దవలెను. కాగితము 400 నంబరుతో మొదలై 800 వఱకుఁ బోవును. రుద్దఁగా నలుపు పోయినచోట సమము. నలుపు మిగిలినచోట పల్లము. లోహము బయటపడినచోట మిట్ట. ఈ రుద్దుడు పనిలో నేను పాల్గొంటిని. కన్ను పట్టలేని దోషమును అఱచేయి పట్టును. పలుచని నూలు చేతితొడుగు వేసికొని తడిమినచో నది మఱింత స్పష్టమగును.

రంగులలో నేఁడు కార్ఖానాలు వాడునది రెండు ద్రవములను కలిపి గట్టిపఱచు రకము. అందు ఐసోసైనేట్ అను పదార్థము కలదు. దాని తుంపర ఊపిరితిత్తులకు సోఁకినచో నయముకాని ఉబ్బసము పుట్టవచ్చును. వేఱుచోటినుండి స్వచ్ఛమైన గాలిని గొట్టముద్వారా తెచ్చుకొను ముసుగు లేక దానిని చిమ్మరాదు. కావున ఇంటిలో పనిచేయువారికి అది తగదు. మావాఁడు ఎన్నుకొన్నది సెల్యులోస్ రంగు. ఇది ఆవిరి హెచ్చుగా విడుచునదగుటచే ఐరోపాలో దీని యమ్మకమునకు నిర్బంధములు వచ్చినవి. పురాతన వాహనముల కొఱకు సడలింపు కలదు. దీనికిని ముసుగు కావలెను, నిప్పు దరిఁజేరరాదు. థిన్నరు సమభాగముగాఁ గలిపి, ధూళి లేవకుండ నేల తడిపి, ఆఱు మొదలు ఎనిమిది అంగుళముల దూరమునుండి, చేయి రేకునకు సమాంతరముగాఁ బోవునట్లు చిమ్మవలెను. ప్రతి వరుస వెనుకటి వరుసలో సగమును కప్పవలెను. దగ్గఱగాఁ బట్టినచో రంగు కాఱును. దూరముగాఁ బట్టినచో పొడియై గరుకు తేలును. గాలిలోఁ దడి హెచ్చైనచో ఆఱునప్పుడు తెల్లని మసక పట్టును. ఆ కారణమున మావాఁడు వానలు వెలసి యెండ కాయువఱకు తొమ్మిది దినములు ఊరకుండెను. ఆఱు పూతలు పడినవి. మూఁడు వారములు గట్టిపడనిచ్చి, 1500, 2000 నంబర్ల కాగితములతో నీటిలో రుద్ది మెఱుగు పెట్టఁగా ఆ నీలము లోఁతుగాఁ దేఱినది. అంచులయొద్ద మాత్రము గట్టిగా రుద్దరాదు. అచ్చట పూత పలుచన.

తోలుసీట్ల ముడుతలు, స్టీరింగుపై చేతులు పడి యరిగిన తావు, ఇవి యట్లే యున్నవి. ఏ భాగము పాతది, ఏది క్రొత్తది, ఏ దినమున మార్చిరి అను వివరములు ఒక పుస్తకములో వ్రాసి కారులోనే యుంచిరి. రాఁబోవు యజమాని మోసపోఁగూడదు. పరిష్కర్త తన చేతి దిద్దుబాట్లను దాఁచుకొన్నచో అది పరిష్కరణము కాదు, కూటరచన.

శ్రోతలారా! మన జిల్లాలలోను ఎన్నో యిండ్ల షెడ్లలో తండ్రులనాఁటి యంబాసిడర్లు, ఫియట్లు నిలిచియున్నవి. అంబాసిడరునకును వేఱు చట్రము లేదు. ఇంగ్లండులో రోడ్డుమీఁది యుప్పు చేసిన పనిని విశాఖపట్టణము, కాకినాడలలో సముద్రపు గాలి చేయును. అట్టి బండిని బాగుచేయఁదలఁచువారు రంగుల దుకాణమునకుఁ బోవుటకు ముందు ఒక అయస్కాంతమును, ఒక సుద్దముక్కను చేతఁబట్టుఁడు. వానకాలమున రంగు చిమ్మకుఁడు. మూఁడు సంగతులు మనసున నుంచుకొనుఁడు. ప్రాణమును మోయు భాగము పుచ్చినచో నిర్దాక్షిణ్యముగా మార్పవలెను. అచ్చట మమకారము పనికిరాదు. జ్ఞాపకమును మోయు భాగము అరిగినను నిలుపవలెను; అచ్చట మెఱుగు పనికిరాదు. కంటికి నచ్చు భాగమును ప్రమాణము చూచి నిర్ణయింపవలెను. అచ్చట తొందర పనికిరాదు.

ఇది కార్లకు మాత్రమే కాదు. జీర్ణోద్ధారణ మను పేరఁ బ్రాచీన దేవాలయముల శిల్పములపై సున్నమును, ఎనామెల్ రంగులను దట్టముగాఁ బూయుట మీలోఁ జాలమంది చూచియే యుందురు. క్రొత్తగా మెఱయుటయే ఉద్ధరణ మనుకొనుట వలన నీ యనర్థము కలుగుచున్నది. తీసివేసినది మఱల రాదు. వేసినది యెప్పుడైనను తీయవచ్చును. ఈ భేదము నెఱిఁగి చేయి వేయువాఁడే జీర్ణోద్ధారకుఁడు.

సెలవు.